అశోక చక్రవర్తి : శాసనభాష

మౌర్య వంశమున చంద్రగుప్తునకు మనుమడును, బిందుసారునకు కుమారుడును అగు అశోకుడు క్రీ.పూ. 268 ప్రాంతమున పాటలీపుత్రమున పట్టాభిషిక్తుడయ్యెను. సోదరులతో ఆతనికి కలిగిన కలహమును గూర్చిన కథలు పెక్కులు గలవు గాని, అవి తరువాతి వారి వ్రాతలు. అశోకుని ఎరుగుటకు ఆతడు వ్రాయించిన శాసనములే ప్రధానాధారములు.

పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు ఆతడు కళింగమును జయించెను. లక్షమంది హతులైరనియు, లక్షన్నరమంది చెరగొనబడిరనియు, అంతకు పెక్కురెట్లు మరణించిరనియు పదమూడవ శిలాశాసనము తెలుపుచున్నది. గెలిచిన రాజు తన గెలుపునకు తానే వగచి, ఆ వగపును శిలలపై చెక్కించుట అపూర్వము. పట్టాభిషేకమైన పండ్రెండేండ్ల నుండి ఆతడు ధర్మలిపులను వ్రాయించుచు వచ్చెను.

గాంధారము మొదలు కళింగము వరకు వ్యాపించిన ఆ రాజ్యమున జనులెల్లరకును ఒకే భాష లేదు. శాసనములకు మూలము మగధ ప్రాకృతము. గిర్నారు శిలపై అది పశ్చిమ దేశపు రూపము దాల్చినది. తూర్పున లకారముతో పలికిన రాజశబ్దము అచట రేఫతో నిలిచినది. షాబాజ్‌గఢీ, మాన్‌సెహ్రాల యందు లిపియే మారి ఖరోష్ఠి అయినది. 1958 లో కాందహారున గ్రీకు, అరమాయిక్ భాషలలో ద్విభాషా శాసనము బయల్పడినది. ధర్మ శబ్దమునకు అందు గ్రీకుల దైవభక్తిని తెలుపు మాట వాడబడినది. భాష మారినను రాజు ఒక్కడే. బిరుదుల యాడంబరము లేక, దేవానాంప్రియుడు, ప్రియదర్శి యను పేర్లతోనే ఆతడు అంతటను మాటలాడెను.

దక్షిణమున ఈ ఔదార్యము కానరాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శాసనములు ప్రాకృతముననే యున్నవి. ఆ సీమవారి వాడుక మాటకు శిలపై చోటు దక్కలేదు. వ్రాతకు అలవడిన భాషలనే రాజు మన్నించెనని ఊహింపవచ్చును. అయినను ఆజ్ఞ శిలతో ఆగలేదు. రజ్జుకులు భేరి మ్రోగించి జానపదులకు దానిని తెలుపవలెననియు, మావటీలు, లేఖకులు, బ్రాహ్మణులు తమ శిష్యులకు బోధింపవలెననియు ఎఱ్ఱగుడి లఘుశాసనము విధించుచున్నది. చదువరాని వానికి రాజవాక్యము చెవి ద్వారమున చేరినది.

కళింగమున జరిగినది మరింత గమనింపదగినది. ధౌళి, జౌగడల యందు పదమూడవ శాసనము లేదు. యుద్ధమున నష్టపడిన వారి యెదుట ఆ పశ్చాత్తాపము చెక్కబడలేదు. దానికి మారుగా ప్రజలెల్లరు రాజునకు బిడ్డలనియు, అధికారులు అకారణముగా ఎవరిని బంధింపరాదనియు తెలుపు ప్రత్యేక శాసనములు వెలసినవి. వాటిని తిష్యా నక్షత్ర దినములందు చదివి వినిపింపవలెననియు నియమించెను. పలుకుటయే గాక పలుకకుండుటయు రాజనీతియే యని అశోకుడు ఎరిగియుండెను.

క్రీ.పూ. 232 ప్రాంతమున ఆతడు మరణించెను. అరువదేండ్లు నిండకమున్నే రాజ్యము అంతరించినది. కాలక్రమమున ఆ లిపిని చదువువారును లేకపోయిరి. 1837 లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించెను. ప్రియదర్శి అశోకుడే యని 1915 లో దొరకిన మస్కి శాసనము స్థిరపరచినది. సైన్యము కూర్చిన దేశమును మాటతో నిలుపజూచిన రాజు ఆతడు. ఆ మాట ఎవరి భాషలో పలికెనో, ఎవరి యెదుట మౌనము వహించెనో కూడ ఆ శిలలే నేటికిని చెప్పుచున్నవి.