సయ్యద్ అబ్దుల్ రహీం

హైదరాబాదులో 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. తరగతి గదిలోని క్రమశిక్షణనే ఫుట్‌బాల్ మైదానానికీ తెచ్చాడు. ఆయన శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టుకు నాలుగవ స్థానం లభించింది. అంతటి స్థానం మనకు మరల దక్కలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన ఊపిరితిత్తులను క్యాన్సర్ తొలిచివేస్తున్నది. అయినను జట్టును విడువలేదు. రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అట్టివానిని ఫైనల్‌లో గోలు కొట్టే ముందువరుసలో నిలిపాడు. ఎంతటి సాహసమది! జర్నైల్ ఒక గోలు సాధించగా, దక్షిణ కొరియాపై 2-1 తేడాతో భారత్ స్వర్ణపతకం గెలిచింది. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశాడు.