ఎగతాళి చేసిన ఆ ఫిల్టర్లే గాలిని కాపాడాయి.. ఎవరీ జాన్ కాక్‌క్రాఫ్ట్?

అది 1957 అక్టోబర్ 10. ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని విండ్‌స్కేల్ అణు కేంద్రంలో మంటలు బయటపడ్డాయి. రియాక్టర్ లోపల యురేనియం కాలిపోతోంది. ఆ విషపు గాలి బయటికి వెళ్లే దారి ఒక్కటే.. 120 మీటర్లకు పైగా ఎత్తున్న చిమ్నీ. అయితే దాని పైకొసన కొన్ని ఫిల్టర్లు ఉన్నాయి. అవి అక్కడ ఉన్నాయంటే కారణం ఒకే ఒక్క శాస్త్రవేత్త పట్టుదల. ఆయనే సర్ జాన్ కాక్‌క్రాఫ్ట్.

మిల్లు కుటుంబం నుంచి నోబెల్ దాకా..

కాక్‌క్రాఫ్ట్ 1897 మే 27న ఇంగ్లండ్‌లోని టాడ్‌మోర్డెన్‌లో పుట్టారు. వాళ్లది నూలు మిల్లు నడిపే కుటుంబం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. తిరిగొచ్చాక ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లో గణితం చదివారు. అక్కడి కావెండిష్ ల్యాబ్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పరిశోధనలో చేరారు.

1932లో ఎర్నెస్ట్ వాల్టన్‌తో కలిసి చరిత్ర సృష్టించారు. లక్షల వోల్టుల యంత్రంతో ప్రోటాన్లను దూసుకెళ్లేలా చేసి లిథియం పరమాణు కేంద్రకాన్ని చీల్చారు. ఇందుకే 1951లో ఈ ఇద్దరికీ ఫిజిక్స్‌లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల మీద పనిచేసిన కాక్‌క్రాఫ్ట్, 1946లో హార్వెల్ అణు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టర్ అయ్యారు.

చిమ్నీ మీద గొడవ

అప్పట్లో బ్రిటన్ సొంతంగా అణుబాంబు చేయాలనుకుంది. అందుకు కావాల్సిన ప్లుటోనియం కోసం విండ్‌స్కేల్‌లో రెండు రియాక్టర్లు కట్టింది. వాటిని చల్లబరిచేది నీళ్లు కాదు, గాలి. పెద్ద ఫ్యాన్లు గాలిని రియాక్టర్‌లోకి నెడతాయి. వేడెక్కిన ఆ గాలి నేరుగా చిమ్నీలోంచి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. లోపల ఒక్క ఇంధన గొట్టం పగిలినా, రేడియోధార్మిక ధూళి ఊళ్ల మీద పడటం ఖాయం.

ఫిల్టర్లు పెట్టాల్సిందేనని కాక్‌క్రాఫ్ట్ పట్టుబట్టారు. కానీ అప్పటికే చిమ్నీల నిర్మాణం మొదలైపోయింది. కింద పెట్టే వీల్లేదు. దాంతో బరువైన ఫిల్టర్ గదులను పైకొసనే కట్టాల్సి వచ్చింది. ఖర్చు పెరిగింది, పని ఆలస్యమైంది. దీంతో ఇంజినీర్లు వాటికి కాక్‌క్రాఫ్ట్ చేసిన తెలివితక్కువ పని అని అర్థం వచ్చేలా పేరు పెట్టి నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఆగిపోయిన రోజు..

రియాక్టర్‌లోని గ్రాఫైట్‌లో పేరుకున్న శక్తిని విడుదల చేసే పని జరుగుతుండగా 1957లో నిప్పంటుకుంది. కార్బన్ డయాక్సైడ్ పంపినా ఆరలేదు. అక్టోబర్ 11న ప్రాణాలకు తెగించి నీళ్లు కొట్టారు. చివరికి గాలి సరఫరా ఆపేయడంతో మంటలు అదుపులోకి వచ్చాయి.

ఫిల్టర్లు ధూళిలో చాలా భాగాన్ని పట్టుకున్నాయి. అయితే వాయువుగా మారే అయోడిన్-131 మాత్రం పెద్ద మొత్తంలో తప్పించుకుంది. గాలితో పాటు ఇంగ్లండ్ మీదుగా లండన్ వైపు, అక్కడి నుంచి యూరప్ దేశాల మీదికి వెళ్లింది. ఇది గడ్డి మీద పడితే ఆవు పాలలోకి, పాల నుంచి పిల్లల థైరాయిడ్ గ్రంథిలోకి చేరుతుంది. అందుకే సుమారు 500 చదరపు కిలోమీటర్ల పరిధిలోని పాలను కొన్ని వారాల పాటు పారబోయించారు.

ప్రమాదంపై విచారణ నివేదికను మాత్రం ప్రధాని మాక్‌మిలన్ ప్రభుత్వం పూర్తిగా బయటపెట్టలేదు. అది జనం ముందుకొచ్చింది 1988లోనే! రెండు రియాక్టర్లూ మళ్లీ నడవలేదు.

ఆ తర్వాత కాక్‌క్రాఫ్ట్ కేంబ్రిడ్జ్‌లోని చర్చిల్ కాలేజీకి తొలి మాస్టర్‌గా పనిచేశారు. 1967 సెప్టెంబర్ 18న కన్నుమూశారు. పరమాణువును చీల్చినందుకు ఆయనకు నోబెల్ వచ్చింది. చిమ్నీ మీద పెట్టించిన ఫిల్టర్లకు వచ్చింది మాత్రం ఎగతాళే. కానీ అవే లేకపోయుంటే, ఆ అక్టోబర్‌లో ఇంగ్లండ్ జనం పీల్చిన గాలి ఇంకెంత విషమయ్యేదో!