జాన్ స్కోప్స్

జాన్ థామస్ స్కోప్స్ (1900 ఆగష్టు 3 - 1970 అక్టోబరు 21) అమెరికాకు చెందిన ఉపాధ్యాయుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. టెన్నెసీ రాష్ట్రంలో చట్టాన్ని అతిక్రమించి జీవపరిణామ సిద్ధాంతాన్ని బోధించాడన్న అభియోగంపై 1925లో ఇతనిపై జరిగిన విచారణ ప్రపంచ ప్రసిద్ధి పొందింది. పత్రికలు దీనికి కోతి కేసు అని పేరు పెట్టాయి. విజ్ఞానశాస్త్ర తరగతిలో ఏమి బోధించాలో నిర్ణయించే అధికారం శాస్త్రజ్ఞులదా, శాసనసభదా, పన్నులు చెల్లించే ప్రజలదా అన్న ప్రశ్నను ఈ కేసు సామాన్యుల చర్చలోకి తెచ్చింది. తన పేరుతో ప్రసిద్ధమైన ఈ విచారణలో స్కోప్స్ సాక్ష్యం చెప్పలేదు. పాఠశాల ఉపాధ్యాయునిగా అతడు పనిచేసినది ఒక్క విద్యాసంవత్సరమే.

బాల్యం, విద్యాభ్యాసం

స్కోప్స్ కెంటకీ రాష్ట్రంలోని పదూకా పట్టణంలో జన్మించాడు. నలుగురు అక్కల తరువాత పుట్టిన ఏకైక కుమారుడు. తండ్రి థామస్ స్కోప్స్ రైల్వేలో పనిచేసేవాడు. కార్మిక ఉద్యమాల పట్ల ఆయనకు అభిమానం మెండు. తరువాత ఈ కుటుంబం ఇల్లినాయిస్ రాష్ట్రానికి తరలివెళ్ళింది. స్కోప్స్ సేలం పట్టణంలో 1919లో ఉన్నత పాఠశాల చదువు ముగించాడు. ఆ సంవత్సరం విద్యార్థుల వీడ్కోలు సభలో ప్రసంగించినవాడు అదే పట్టణంలో పుట్టిన రాజకీయ నాయకుడు విలియం జెన్నింగ్స్ బ్రయాన్. ఆరేళ్ళ తరువాత ఈ బ్రయానే స్కోప్స్‌కు వ్యతిరేకంగా న్యాయస్థానంలో వాదించాడు.

ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివి, అనారోగ్యం వలన విడిచిపెట్టాడు. కెంటకీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, భూగర్భ శాస్త్రం అభ్యసించి 1924లో పట్టభద్రుడయ్యాడు. అదే సంవత్సరం టెన్నెసీలోని డేటన్ అనే చిన్న పట్టణంలో, రే కౌంటీ ఉన్నత పాఠశాలలో ఫుట్‌బాల్ శిక్షకునిగా, ఉపాధ్యాయునిగా చేరాడు.

బట్లర్ చట్టం

టెన్నెసీ శాసనసభ సభ్యుడు, రైతు అయిన జాన్ వాషింగ్టన్ బట్లర్ ప్రతిపాదించిన బిల్లుపై 1925 మార్చిలో గవర్నర్ ఆస్టిన్ పే సంతకం చేశాడు. ప్రభుత్వ నిధులతో నడిచే పాఠశాలలలో, విశ్వవిద్యాలయాలలో బైబిలు చెప్పిన మానవ సృష్టిని కాదని, మనిషి తక్కువ తరగతి జంతువుల నుండి వచ్చాడని బోధించడం ఈ చట్టం ప్రకారం నేరం. శిక్ష 100 నుండి 500 డాలర్ల జరిమానా.

ఈ చట్టాన్ని న్యాయస్థానంలో పరీక్షించదలచిన అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్, అందుకు ముందుకు వచ్చే ఉపాధ్యాయునికి సహాయం చేస్తామని పత్రికలలో ప్రకటించింది. డేటన్‌లో గని సంస్థ నిర్వాహకుడైన జార్జ్ రాపెల్యే ఈ ప్రకటన చూశాడు. అతడికి ఆ చట్టం నచ్చలేదు. కేసు డేటన్‌లో జరిగితే ఊరికి పేరు, వ్యాపారం వస్తాయని ఊరి పెద్దలూ భావించారు. 1925 మేలో రాబిన్సన్ మందుల దుకాణంలో సమావేశమై, టెన్నిస్ ఆడుకుంటున్న స్కోప్స్‌ను పిలిపించారు.

పాఠశాలలో జీవశాస్త్రం బోధించేది అసలు ప్రధానోపాధ్యాయుడు. ఆయన లేని రోజులలో స్కోప్స్ ఆ తరగతి తీసుకున్నాడు. ఆ రోజులలో పరిణామ పాఠం చెప్పినట్లు అతడికి స్పష్టంగా గుర్తులేదు. అయినా కేసుకు ఒప్పుకున్నాడు. వాడుకలో ఉన్న పుస్తకం జార్జ్ విలియం హంటర్ రచించిన సివిక్ బయాలజీ (1914). దానిలో పరిణామంపై పాఠం ఉంది. ఈ పుస్తకాన్ని వాడాలని నిర్దేశించినదీ, అందులోని పాఠాన్ని నిషేధించినదీ ఒకే ప్రభుత్వం. ఉపాధ్యాయుడు ఒక ఆజ్ఞను పాటిస్తే మరొకటి ఉల్లంఘించినట్లయ్యేది. అదే పుస్తకంలో నేడు ఎవరూ అంగీకరించని జాతి తారతమ్య భావాలు, వంశశుద్ధి వాదం కూడా ఉన్నాయి. కేసులో ఎవరూ వాటిపై అభ్యంతరం చెప్పలేదు.

విచారణ

విచారణ 1925 జూలై 10 నుండి 21 వరకు న్యాయమూర్తి జాన్ రాల్స్టన్ ఎదుట జరిగింది. ప్రభుత్వ పక్షాన వాదించిన బ్రయాన్ మూడుసార్లు డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా పోటీ చేసినవాడు. పాఠశాలలను పోషించే ప్రజలకే అక్కడి బోధనను నిర్ణయించే హక్కు ఉందని అతని వాదం. బలవంతుడిదే గెలుపన్న భావం యువకులలో నైతికతను దెబ్బతీస్తుందని కూడా అతడు భయపడ్డాడు. స్కోప్స్ పక్షాన క్లారెన్స్ డారో, డడ్లీ ఫీల్డ్ మలోన్, ఆర్థర్ గార్‌ఫీల్డ్ హేస్ తదితరులు వాదించారు. ఒక మత గ్రంథాన్ని ఒక రీతిగా అర్థం చేసుకునేవారి అభిప్రాయాన్ని అందరి పిల్లల చదువుపై రుద్దరాదని వీరి వాదం. షికాగోకు చెందిన డబ్ల్యు.జి.ఎన్. రేడియో కేంద్రం విచారణను ప్రత్యక్షంగా ప్రసారం చేసింది.

తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని స్కోప్సే విద్యార్థులను ప్రోత్సహించాడు. డారో పిలిపించిన శాస్త్రజ్ఞుల సాక్ష్యం జ్యూరీ వినడానికి న్యాయమూర్తి అంగీకరించలేదు. దానితో డారో జూలై 20న బ్రయాన్‌నే బైబిలు నిపుణునిగా సాక్షి స్థానంలో కూర్చోబెట్టాడు. ఆరుబయట పచ్చికపై జరిగిన ఈ ప్రశ్నోత్తరాలలో, సృష్టి జరిగిన ఆరు రోజులు ఇరవైనాలుగు గంటల రోజులు కాకపోవచ్చునని బ్రయాన్ ఒప్పుకున్నాడు. మరునాడు న్యాయమూర్తి ఈ సాక్ష్యాన్ని రికార్డు నుండి తొలగించాడు.

పై న్యాయస్థానానికి వెళ్ళే అవకాశం కోసం, తన కక్షిదారును దోషిగా ప్రకటించమని డారోయే జ్యూరీని కోరాడు. తొమ్మిది నిమిషాలలో తీర్పు వచ్చింది. 100 డాలర్ల జరిమానా పడింది. ఆ చట్టం అన్యాయమైనదని, దానిని ఎదిరిస్తూనే ఉంటానని స్కోప్స్ క్లుప్తంగా చెప్పాడు. మొత్తం విచారణలో అతడు పలికినవి ఈ కొద్ది మాటలే. ఐదు రోజుల తరువాత బ్రయాన్ డేటన్‌లోనే మరణించాడు.

1927 జనవరిలో టెన్నెసీ సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని ప్రకటిస్తూనే స్కోప్స్ శిక్షను రద్దు చేసింది. 50 డాలర్లకు మించిన జరిమానాను జ్యూరీ నిర్ణయించాలి. ఇక్కడ న్యాయమూర్తి నిర్ణయించడమే రద్దుకు కారణం. శిక్ష లేకపోవడంతో దేశ సుప్రీంకోర్టుకు వెళ్ళే మార్గం మూసుకుపోయింది.

తరువాతి జీవితం

స్కోప్స్ మళ్ళీ పాఠశాలలో బోధించలేదు. కీర్తిని సొమ్ము చేసుకునే అవకాశాలను తిరస్కరించాడు. సాక్షులుగా వచ్చిన శాస్త్రజ్ఞులు సమకూర్చిన నిధితో షికాగో విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం చదివాడు. వెనిజులాలో గల్ఫ్ ఆయిల్ సంస్థలో పనిచేసి, అక్కడే మిల్‌డ్రెడ్ వాకర్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు. 1932లో కెంటకీ నుండి సోషలిస్టు పార్టీ అభ్యర్థిగా అమెరికా కాంగ్రెసుకు పోటీచేసి ఓడిపోయాడు. అటుపిమ్మట యునైటెడ్ గ్యాస్ సంస్థలో చేరి హ్యూస్టన్‌లోనూ, లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లోనూ పనిచేశాడు.

ఈ కేసు ఆధారంగా 1955లో ఇన్‌హెరిట్ ది విండ్ నాటకం, 1960లో అదే పేరుతో చలనచిత్రం వచ్చాయి. అందులో ఉపాధ్యాయుడు చెరసాలలో ఉంటాడు. స్కోప్స్ ఏనాడూ చెరసాలకు వెళ్ళలేదు. 1967లో స్కోప్స్ తన ఆత్మకథను సెంటర్ ఆఫ్ ది స్టార్మ్ పేరుతో, జేమ్స్ ప్రెస్లీ తోడ్పాటుతో ప్రచురించాడు. 1970లో ష్రీవ్‌పోర్ట్‌లో క్యాన్సరుతో మరణించాడు. అతని సమాధి జన్మస్థలమైన పదూకాలో ఉంది.

కేసు ప్రభావం

పత్రికలలో ఓడినట్లు కనిపించిన పక్షమే తరగతి గదిలో చాలాకాలం గెలిచింది. మిసిసిపీ 1926లో, ఆర్కాన్సా 1928లో ఇటువంటి చట్టాలు చేశాయి. హంటర్ పుస్తకపు 1926 కూర్పులో పరిణామం అన్న మాట లేకుండా చేశారు. ప్రచురణకర్తలు చాలామంది ఈ విషయాన్ని తగ్గించి రాశారు. 1957లో సోవియట్ స్పుత్నిక్ ప్రయోగం తరువాత అమెరికాలో విజ్ఞాన బోధనను సంస్కరించినప్పుడు, 1960లలో వచ్చిన జీవశాస్త్ర పుస్తకాలలో పరిణామం తిరిగి ప్రముఖ స్థానం పొందింది.

టెన్నెసీ 1967లో బట్లర్ చట్టాన్ని రద్దు చేసింది. 1968లో ఆర్కాన్సా చట్టం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పరిణామాన్ని బోధిస్తే సృష్టివాదాన్నీ బోధించాలన్న లూసియానా చట్టాన్ని 1987లో కొట్టివేసింది. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ కేసులో, మేధోరూపకల్పన వాదం విజ్ఞానశాస్త్రం కాదని ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది.

డేటన్ న్యాయస్థాన ప్రాంగణంలో 2005లో బ్రయాన్ విగ్రహాన్ని, 2017లో డారో విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.