రోగుల నడుమ పన్నెండేండ్లు

సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం రాసియ్యమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, నేను ఏ కవి గురించో, ఏ దేశనాయకుని గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను ఎన్నుకున్నది స్విట్జర్లాండు దేశపు డాక్టరు యూజీన్ బ్లూలర్‌ను. మనలో చాలామంది ఆయన పేరు విని ఉండకపోవచ్చు గాని, ఒక జబ్బుకు ఆయన పెట్టిన స్కిజోఫ్రీనియా అనే పేరు విననివారు తక్కువ.

ఆయన్నే ఎన్నుకోవడానికి కారణం మా ఇంట్లో ఉంది. మాది సిరిసిల్ల. మా చిన్నబాపు సాంచాలు నడిపేవాడు. ఇరవై రెండో ఏట, సాంచాల చప్పుడులో ఎవరో తనను తిడుతున్నట్టు ఆయనకు వినపడసాగింది. సాంచ బందు పెట్టినా ఆ గొంతులు ఆగలేదు. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేసేవాడు. రాత్రంతా అర్రలో అటూ ఇటూ నడిచేవాడు. గాలి సోకిందని కొందరు, బాణామతి అని మరికొందరు అన్నారు. కొండగట్టు అంజన్న సన్నిధిలో మండలం రోజులు ఉంచాం. డిగ్రీలో చేరిన కొత్తలో, ఇంట్లో ఎవరెవరున్నారని హాస్టలు మిత్రులు అడిగితే నేను చిన్నబాపు ఊసే ఎత్తలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు.

బ్లూలర్ 1857లో జ్యూరిచ్ పక్కనున్న జోలికాన్ గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టాడు. చదువుకునే వయసులోనే సొంత అక్కకు మతి చలించడం కళ్లారా చూశాడు. ఆ ప్రాంతానికంతటికీ పెద్ద మానసిక వైద్యాలయం బర్గ్‌హోల్జ్‌లీ. దాన్ని నడిపిన తొలి ప్రొఫెసర్లలో ఎక్కువమంది జర్మనీ నుంచి వచ్చినవారు. పల్లెజనం మాట్లాడే యాస వారికి అంతుబట్టేది కాదు. రోగి మాటే అర్థంకాని డాక్టరు మనసు జబ్బును ఏం కనిపెడతాడని జనం వాపోయేవారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. చెవుల్లో ఎవరో గులుగుతుండ్రని మా చిన్నబాపు చెప్తే, పట్నంలో ఒక డాక్టరు అది చెవి జబ్బనుకొని వేరే డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు మరి!

బ్లూలర్ వైద్యవిద్య పూర్తిచేసి, 1886లో రైనౌ ఆసుపత్రికి డైరెక్టరుగా వెళ్లాడు. రైన్ నదిలోని ఒక దీవి మీద, పాత క్రైస్తవ మఠంలో ఉండేది ఆ ఆసుపత్రి. ఇక నయం కారని వదిలేసిన వాళ్లుండే చోటు. అప్పటికి ఆయనకు పెళ్లి కాలేదు. పన్నెండేండ్లు ఆ రోగుల నడుమనే గడిపాడు. వాళ్లతో కలిసి పనిచేశాడు, నడకకు పోయాడు, వాళ్ల యాసలోనే మాట్లాడాడు, అర్థంలేనివిగా తోచే మాటలను కూడా ఓపికగా విని రాసుకున్నాడు. ఒకసారి అక్కడ టైఫాయిడ్ వ్యాపించి, సేవ చేసేవాళ్లు చాలలేదు. ఏళ్ల తరబడి మంచాలకు అంటుకుపోయిన మనోరోగులనే ఆయన పనికి పిలిచాడు. వాళ్లు ఎంతో నిబ్బరంగా తోటివారికి సేవచేశారు. ఆ గండం గడిచాక కొందరు మళ్లీ పాత స్థితికి వెళ్లారు, అది నిజమే. కాని లోపలి మనిషి చెడిపోలేదన్న సంగతి ఆయనకు తెలిసిపోయింది.

1898లో బర్గ్‌హోల్జ్‌లీకి డైరెక్టరయ్యాడు. అక్కను తన ఇంటికే తెచ్చుకున్నాడు. ఆమె పొద్దంతా గదిలో అటూ ఇటూ నడుస్తూనే ఉండేదట. అంత పెద్ద ఆసుపత్రి చేతిలో ఉండి కూడా ఆమెను తన కప్పు కిందనే ఉంచుకొన్నాడు.

ఆ రోజుల్లో ఈ జబ్బును చిన్న వయసులో వచ్చే బుద్ధిక్షయం అనేవారు. 1908లో బెర్లిన్ సభలో బ్లూలర్ ఆ పేరు సరికాదన్నాడు. అందరికీ చిన్నప్పుడే రాదు, అందరి బుద్ధీ నశించదు. ఆలోచన, భావం, కోరిక వీటి మధ్య పొందిక చెడుతుందని వివరించి, కొత్త పేరు పెట్టాడు. 1911లో దీనిపై పెద్ద గ్రంథం వెలువరించాడు. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులుండడం అని సినిమాలు చెప్పేది దీని అర్థం కాదు. మా నేతపని మాటల్లో చెప్పాలంటే, నూలు కాలిపోలేదు, పోగులు తెగాయి.

ఆయనలో లోపం లేదని అనను. ఇలాంటి రోగులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాలన్న వాదాన్ని ఆయన సమర్థించాడు. అంత దగ్గరగా మనుషుల్ని చూసినవాడు ఆ మాట ఎట్లా ఒప్పుకొన్నాడా అని బాధ కలుగుతుంది. 1927లో పదవీ విరమణ చేసి, 1939లో కన్నుమూశాడు. మొదటి సరైన మందు క్లోర్‌ప్రోమజీన్ 1952లో గాని రోగులకు అందలేదు. ఆయన కుమారుడు మాన్‌ఫ్రెడ్ 208 మంది రోగులను ఇరవై ఏండ్లకు పైగా గమనించి, వారిలో చాలామంది కోలుకోవడమో, నిలకడకు రావడమో జరిగిందని 1972లో ప్రకటించాడు.

మా చిన్నబాపును కోరుట్లలో ఉండే మా మేనత్త తీసుకుపోయింది. ఆమె బీడీలు చేసేది. తమ్ముని చేతికి కత్తెరిచ్చి తునికాకు కత్తిరించమనేది. గొంతులు వినపడుతున్నాయంటే లేవని వాదించలేదు, నాకైతే వినపడతలేదు తమ్మీ, బువ్వ తిను అనేది. నెలనెలా బస్సులో జగిత్యాల తీసుకుపోయి మందులు ఇప్పించేది. బ్లూలర్ పేరు ఆమె విననే లేదు గాని, రైనౌలో ఆయన చేసిన పనే ఆమె చేసింది. ఇప్పుడు చిన్నబాపు సిరిసిల్లలో కండెలు చుడుతున్నాడు. రోజూ రాత్రి గోలీ వేసుకుంటాడు. గొంతులు పూర్తిగా పోలేదు, తగ్గాయి. బాగాలేని నెలలూ ఉంటాయి. అప్పుడు పని మానేసి పడుకుంటాడు, మేము ఏమీ అనం.

మిత్రులారా, ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది మన వయసులోనే. పక్క గది స్నేహితుడు నిద్రమాని, ఎవరో తనను వెంటాడుతున్నారని అంటే నవ్వకండి, పుకార్లు పుట్టించకండి. పక్కన కూర్చొని వినండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

ఈ సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి ఇంటికి తీసుకుపోతాను. మా చిన్నబాపు చదువుకున్నవాడే, తన గురించి రాసింది తానే చదువుకుంటాడు.