బూడిద దిబ్బలను చదివిన బ్రూస్ ఫుట్

శాసనములును, నాణెములును, తాళపత్రములును చరిత్రకు ఆధారములని విద్యార్థులు చదువుకొందురు. పశువుల పేడకూడ అట్టి ఆధారము కాగలదని చూపిన విద్వాంసుడు రాబర్టు బ్రూస్ ఫుట్. ఆయన వృత్తిచే చరిత్రకారుడు కాడు. రాళ్ళను పరీక్షించి భూగర్భ పటములు గీయు ఉద్యోగి.

ఫుట్ 1834 సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండునందు జన్మించెను. 1858లో భారత భూగర్భ పరిశీలన శాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చెను. 1863 మే 30వ తేదీన మద్రాసు చేరువనున్న పల్లావరములో ఒక కంకర గోతియందు, మనుష్యహస్తము చెక్కిన రాతి పరికరమొకటి ఆయన కంటబడెను. అట్టి పరికరములు అతిప్రాచీనములని ఐరోపా పండితులే అంగీకరించి అప్పటికి నాలుగేండ్లు మాత్రమే గడచినవి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో, సహోద్యోగి విలియం కింగుతో కలిసి అత్తిరంపాకమున మరికొన్నిటిని కనుగొనెను. భారత ప్రాక్చరిత్ర పరిశోధనకు ఆద్యుడను కీర్తి ఆయనకు దీనివలననే దక్కినది.

ఆ కింగు పేరు గోదావరి వారు గుర్తుంచుకొనదగినది. తూర్పుతీరపు శిలలను ఈ మిత్రులిరువురు పంచుకొని పరిశీలించిరి. మచిలీపట్నమువరకు గల దక్షిణభాగమును ఫుట్ వర్ణింపగా, గోదావరి మండలపు తీరప్రాంతమును కింగు వర్ణించెను. 1880 ప్రాంతమున ఆ గ్రంథములు వెలువడినవి. పిమ్మట 1884లో కర్నూలు మండలపు బిల్లసుర్గము గుహలను త్రవ్వించు పని ఫుట్‌నకు వచ్చినది. ఆ శ్రమను ఆయన కుమారుడు కూడ పంచుకొనెను. అయినను ఆయన ప్రతిభ మిక్కిలిగ ప్రకాశించినది గుహలలో కాదు, డెల్టాలోను కాదు, బళ్ళారి మెట్టలలో.

నేడు కర్ణాటకమున చేరియున్న బళ్ళారిసీమయు, దానికి చేరువనున్న అనంతపురము, పాలమూరు ప్రాంతములును బోడిరాతి కొండలకు ప్రసిద్ధములు. ఆ కొండల చరియలందును, పాదములందును వింతయైన బూడిద దిబ్బలు కలవు. వానిని త్రవ్వినచో మెత్తని బూడిద పొరలు పొరలుగ వచ్చును. నడుమ నడుమ ఇనుప చిట్టెమును పోలి, కరగి గట్టిపడిన గడ్డలు తగులును. హంపీ దగ్గరి నింబాపురపు దిబ్బను వాలి చితాభస్మమని జనులు చెప్పుకొందురు. దొరలలో న్యూబోల్డు 1843లోనే ఈ దిబ్బలనుగూర్చి వ్రాసెను. ఇవి సామూహిక దహనముల శేషములని కొందరును, బలుల గుర్తులని కొందరును, లోహము కరగించిన కొలుములని కొందరును తలచిరి. జనుల కథకును పండితుల ఊహలకును ఎక్కువ దూరము లేదనుట అన్యాయము కాదు.

ఫుట్ ఈ దిబ్బలలో దొరకిన వస్తువులను ముందుగ చూచెను. నునుపుచేసిన రాతి గొడ్డళ్ళు, చేతితో చేసిన కుండపెంకులు, పశువుల ఎముకలు కనబడినవి. కప్‌గల్లు కొండపై అట్టి గొడ్డళ్ళను తయారుచేసిన తావే కలదు. కావున ఇవి విజయనగర కాలమునాటివి కావు, నవీన శిలాయుగమునాటివి. ఇక బూడిద ఏమి కాలిన బూడిద? పశువుల పేడ. ముళ్ళకంచె వేసిన దొడ్డిలో మందలను కట్టగా, ఏండ్ల తరబడి పేడ ప్రోగై కాలినదే ఆ దిబ్బ. గడ్డి తిన్న పశువు పేడలో సిలికా ఉండును. తీవ్రమైన వేడిమికి అది కరగి గాజువలె గడ్డకట్టును. చిట్టెమను భ్రాంతికి మూలమదియే.

1891లో ఉద్యోగ విరమణము చేసిన పిమ్మట ఫుట్ కొంతకాలము బరోడా సంస్థానమున పనిచేసి, సేలము మండలపు ఏర్కాడు కొండలపై స్థిరపడెను. జీవితమంతయు ప్రోగుచేసిన రాతి పనిముట్లను, కుండపెంకులను 1904లో మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలకు అప్పగించెను. అనంతరము వాని వివరణ గ్రంథమును రచించుచు వృద్ధాప్యము గడిపెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయన మరణించెను. గ్రంథము 1914లోను, 1916లోను రెండు సంపుటములుగ ప్రకటింపబడినది. తన కృషి ఫలమును అచ్చులో చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. బూడిద దిబ్బల వివాదము మాత్రము ఆయనతో ముగియలేదు. మరి అర్ధశతాబ్ది సాగినది.

ఆ వివాదము తేలినది పాలమూరు జిల్లా మక్తల్ ప్రాంతపు ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు). 1957లో రేమండ్ ఆల్చిన్ అచట త్రవ్వకములు జరిపెను. లండనులో జ్యూనర్ అను శాస్త్రజ్ఞుడు బళ్ళారి కుడితిని దిబ్బ బూడిదను పరీక్షించి, అది పేడ బూడిదయే అని 1960లో నిర్ధారణ చేసెను. 1963లో ఆల్చిన్ తన గ్రంథమున దొడ్డిని తగులబెట్టుట ప్రమాదము కాదనియు, ఋతువు మారునప్పుడు జరుపుకొన్న పండుగ కావచ్చుననియు ఊహించెను. భోగిమంటలో పిడకల దండలు వేయు గోదావరి సీమవారికి ఈ ఊహ వింతగ తోచదు. అయినను రెంటి నడుమ నాలుగువేల యేండ్ల వ్యవధి కలదు గనుక, పోలికను సంబంధమని వెంటనే నిశ్చయింపరాదు.

ఉట్నూరు దిబ్బ అడుగున తాటిమొద్దులు పాతిన గుంటల వరుసలు బయటపడినవి. ఆ కంచె లోపల, బూడిద పొరలలో, క్రీస్తు పూర్వము మూడవ సహస్రాబ్ది తుదినాళ్ళలో నడచిన పశువుల గిట్టల జాడలు చెదరక నిలిచియుండెను.