పద్దుల్లో తేలని ఆకాశం – వైను బప్పు గారి జీవితం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది 1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ సూర్యగ్రహణం మన ఇబ్రహీంపట్నం ప్రాంతం మీదుగానే సాగిన రోజది. మంచాల దారిలో ఉన్న జాపాల–రంగాపూర్ అబ్జర్వేటరీకి దేశవిదేశాల శాస్త్రజ్ఞులు వచ్చారు. అప్పుడు నేను కొత్తగా చేరిన గుమాస్తాను. వెళ్లి చూడాలని మనసు పీకినా, అమ్మ మాట కాదనలేక తలుపులు బిగించుకుని ఇంట్లోనే ఉండిపోయాను. పట్టపగలు చీకటి పడడం తలుపు సందులోంచి మాత్రమే తెలిసింది. ఆ వెలితి ఇప్పటికీ తీరలేదు. ఆ తర్వాత ఆకాశం గురించి తెలుగులో ఏది దొరికినా చదువుతూ వచ్చాను. అలా పరిచయమైన పేరే మనాలి కల్లాట్ వైను బప్పు.

బప్పు గారు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. వారి కుటుంబం కేరళకు చెందినదైనా, ఆయన పెరిగింది, చదివింది మన హైదరాబాదులోనే. తండ్రి గారు నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఆ సంస్థ తర్వాత బేగంపేటకు మారి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. మన రంగాపూర్‌లో 1968లో నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపు కూడా దానిదే. తండ్రి వెంట రాత్రులు టెలిస్కోపు దగ్గర గడిపిన ఆ కుర్రవాడు నిజాం కాలేజీలో చదువుతుండగానే, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను పరిశీలించి వ్యాసాలు ప్రకటించాడు.

తరువాత ఉపకార వేతనం మీద అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. 1949 జులైలో ఒక ఫొటో పలకను పరీక్షిస్తుండగా కొత్త తోకచుక్క ఆయన కంటబడింది. ఆ పరిశోధనలో తోడైన ఇద్దరి పేర్లు కలిపి దానికి బప్పు–బాక్–న్యూకిర్క్ అని పేరు పెట్టారు. 1952లో డాక్టరేటు పూర్తిచేసి, కార్నెగీ ఫెలోషిప్ మీద పాలోమార్ కొండకు వెళ్లారు. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల టెలిస్కోపు అక్కడే ఉంది.

ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన పని అక్కడే, ఓలిన్ విల్సన్‌తో కలిసి చేశారు. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియానికి చెందిన ఒక నల్లని గీత ఉంటుంది. దాని నడుమ సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. నక్షత్రం అసలు కాంతి ఎంత ఎక్కువైతే ఆ వెలుగు గీత అంత వెడల్పుగా ఉంటుందని వారిద్దరూ 1957లో ప్రకటించారు. దాని ఉపయోగం ఏమిటంటారా? దూరాన వెలిగే బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, అది మసకబారిన తీరును బట్టి ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు కదా. నక్షత్రాలకూ అంతే. దీనినే విల్సన్–బప్పు ప్రభావం అంటారు.

ఈ దూరాల లెక్క ఎంత గొప్పదో 1998లో లోకానికి తెలిసింది. సూపర్నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, అనుకున్నదానికంటే మసకగా, అంటే ఎక్కువ దూరంలో ఉన్నాయని రెండు బృందాలు తేల్చాయి. అది బప్పు గారి పద్ధతి కాదు గానీ, అసలు కాంతిని కనిపించే కాంతితో పోల్చడమనే సూత్రం అదే. విశ్వం విస్తరించే వేగం తగ్గకపోగా పెరుగుతోందని దాంతో తెలిసింది. ఆ పనికి 2011లో నోబెల్ బహుమతి వచ్చింది.

మనలో పద్దులు రాసిన వారికి ఈ చిక్కు సులువుగా అర్థమవుతుంది. జమాఖర్చు తేలకపోతే, ఏదో పద్దు రాయడం మరిచిపోయి ఉండాలి, లేదా లెక్క కట్టిన సూత్రమే తప్పయి ఉండాలి. కనబడని పద్దు ఒకటుందని, విశ్వంలో దాని వాటా దాదాపు 70 శాతమని ఎక్కువ మంది అంటారు. దాని పేరే డార్క్ ఎనర్జీ. కాదు, గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలని మరికొందరంటారు. రెండూ జరిగిన చరిత్ర ఉంది. యురేనస్ నడకలో తేడా వస్తే, కనబడని గ్రహమొకటి ఉండాలన్నారు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుని నడకలో తేడాకూ అలాగే ఇంకో గ్రహం కోసం వెతికారు, దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ సూత్రాన్నే మార్చాకగానీ ఆ లెక్క తేలలేదు. ఇప్పటి తగాదాలో 2017లో వచ్చిన గురుత్వ తరంగాల పరిశీలన కొన్ని సవరణ సిద్ధాంతాలను తోసిపుచ్చింది. వ్యవహారం మాత్రం ముగియలేదు.

అయితే ఏ పక్షం వారైనా ముందు ఓచర్లు సరిచూసుకోవాలి. ఆకాశానికి ఓచర్లంటే కొలతలే. ఆ కొలతలు తీసే వసతి మన దేశంలో ఉండాలన్నదే బప్పు గారి తపన. 1953లో స్వదేశానికి వచ్చేశారు. నైనితాల్‌లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ అబ్జర్వేటరీని నిలబెట్టారు. 1960లో, 33 ఏళ్లయినా నిండకుండానే, కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టరయ్యారు. దక్షిణాకాశం కూడా బాగా కనిపించే చోటు కోసం వెతికి, తమిళనాడులో జవ్వాది కొండల్లోని కావలూరును ఎంచుకున్నారు. సొంత వర్క్‌షాపులో చేసిన 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో అక్కడ పని మొదలైంది. 1972లో ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. 1977లో యురేనస్ వలయాలను గమనించిన చోట్లలో కావలూరు ఒకటి. 1971లో ఏర్పడిన భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు తొలి సారథి ఆయనే. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమితి అధ్యక్షులయ్యారు. 1981లో పద్మభూషణ్ అందుకున్నారు.

ఆయన అసలు కల 2.34 మీటర్ల టెలిస్కోపును ఇక్కడే, మన పనివాళ్ల చేత తయారు చేయించడం. ఆ పని నడుస్తుండగానే గుండె జబ్బుతో 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 55. మనలో చాలామంది పదవీ విరమణ చేసిన 58 కూడా ఆయనకు నిండలేదు. సహచరులు పని ఆపలేదు. 1986లో టెలిస్కోపు ప్రారంభమైంది. దానికీ, కావలూరు అబ్జర్వేటరీకీ ఆయన పేరే పెట్టారు. అందులోంచి ఒక్క నక్షత్రాన్నయినా చూసే భాగ్యం మాత్రం ఆయనకు కలగలేదు.

మొన్న మా మనవడు డార్క్ ఎనర్జీ అంటే ఏమిటి తాతయ్యా అని అడిగాడు. తెలిసినంత చెప్పాను. లెక్క ఇంకా తేలలేదురా, అది మీ తరం పని అన్నాను. ఈసారి గ్రహణం వస్తే తలుపులు వేసుకోవద్దని, తగిన కళ్లద్దాలు పెట్టుకుని బయటికి రమ్మని కూడా చెప్పాను. నేనూ వస్తానన్నాను.