చదరంగమాడిన యంత్రము: లియొనార్డో టోరెస్ కెవేదో

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో అరుగుబండలమీద గీతలు గీచి పులిజూద మాడుట మన విద్యార్థు లెఱుగనిది కాదు. మేక యే గీతమీద నున్నదో ఆ బండ యెఱుగదు. ఎవరైన దొంగయెత్తు వేసినను మాటాడదు. ఆటపలకయే యెత్తును గనిపెట్టి, తప్పును పట్టి, బదులెత్తు వేయగలదా? ఇందుకు నిజాయితీతో సమాధానము చెప్పిన మొదటివాడు స్పెయిను దేశీయుడైన టోరెస్ కెవేదో.

నిజాయితీతో నని వ్రాయుటకు కారణము గలదు. 1769వ సంవత్సరమున వియన్నాలో కెంపెలెన్ అనునతడు నిర్మించిన తురుష్క వేషపు బొమ్మ చదరంగమాడి ప్రభువులను విస్మితులను జేసెను; కాని పెట్టెలో నొక మనుష్యుడు దాగియుండెడివాడు. టోరెస్ యంత్రములో నెవ్వరును లేరు.

ఈయన 1852 డిసెంబరు 28వ తేదీన ఉత్తర స్పెయినునందలి యొక గ్రామమున జన్మించి, 1876లో మాడ్రిడు నగరమున ఇంజనీరు పరీక్షయందు కృతార్థుడయ్యెను. కొలదికాలము మాత్రమే యుద్యోగము చేసి, పిదప శేషజీవితమును స్వకీయ పరిశోధనములకే వినియోగించెను. 1906లో బిల్బావో రేవున స్పెయిను రాజు సమక్షమున నొక పడవను తంతిలేకయే దూరమునుండి నడపెను. నయాగరా నదిపై 1916లో ప్రారంభమైన ఆకాశరథము ఈయన కల్పించినదే.

ఇక చదరంగమును గూర్చి. 1912లో నిర్మితమైన యంత్రము 1914లో పారిసు నగరమున ప్రదర్శింపబడెను. ముప్పదిరెండు పావుల యాటను ఈయన తలపెట్టలేదు. యంత్రమునకు తెల్లరాజు, ఏనుగు. మనుష్యునకు నల్లరాజు మాత్రమే. ఈ యెన్నికయే మాకు మిక్కిలి వివేకముగా దోచుచున్నది. యంత్రము వెదకవలసినది ఒక్క పావును మాత్రమే. నల్లరాజు గడిలో నిలిచినంతనే విద్యుత్సంధానము కలిగి, అది యే అడ్డువరుసయో యే నిలువువరుసయో తెలియును. నల్లరాజు ఏనుగును సమీపించెనా, ఏనుగు దూరమునకు పాఱును. లేనిచో రాజును క్రమముగా పలక యంచునకు నెట్టును. తప్పుటెత్తు వేసినచో దీపము వెలుగును; మూడవ తప్పుతో యంత్రము ఆట మానివేయును. ఒక్కొకప్పుడు ఏబది యెత్తులకు మించి సాగదీయుట దీని లోపము. అయినను ఆటకట్టు తప్పదు.

నేడు విద్యార్థులు మైక్రోకంట్రోలరుతో ఆటపలకను కట్టునప్పుడును మార్గ మిదియే. ప్రతి గడి క్రిందను స్విచ్చి, ప్రతి పావు క్రిందను అయస్కాంతము నుంచుదురు. అరువదినాలుగు గడులకు అన్ని తీగలక్కఱలేదు. ఎనిమిది అడ్డువరుసలకు, ఎనిమిది నిలువువరుసలకు కలసి పదునాఱు చాలును. మైక్రోకంట్రోలరు ఒక్కొక్క వరుసను మాటిమాటికి పరీక్షించుచుండును. అయితే చతురస్రపు మూడు మూలలందు పావులున్నచో విద్యుత్తు చుట్టుదారిని పోయి, ఖాళీగానున్న నాల్గవ మూలను గూడ నిండినదిగా జూపును. అందుచే గడిగడికి నొక డయోడు వలయును. ఒక్క పావునే వెదకిన టోరెస్‌కు ఈ చిక్కు రాలేదు.

1914లో ప్రకటించిన గ్రంథమున, పరిస్థితులను బట్టి యెంచుకొని పనిచేయు యంత్రములు సాధ్యములని ఈయన వాదించెను. 1920 ప్రాంతమున కుమారుడు గొన్‌జాలో తండ్రి పర్యవేక్షణమున రెండవ యంత్రమును నిర్మించెను. అందు పలక క్రింది అయస్కాంతములు పావులను జరుపును, ఆట కట్టినపుడు ఫోనోగ్రాఫు ఆ మాటను పలుకును.

అంతర్యుద్ధమున మాడ్రిడు ముట్టడిలో నుండగా, 1936 డిసెంబరు 18వ తేదీన ఆ నగరముననే టోరెస్ కన్నుమూసెను. ఎనుబదినాలుగు నిండుటకు పదిదినములే కొఱత. 1951లో పారిసు సభయందు గొన్‌జాలో ఆ యంత్రమును ప్రదర్శింపగా, సుప్రసిద్ధ గణితవేత్త నార్బర్ట్ వీనరు దాని యెదుట గూర్చుండి యాడెను.